రేగడి చేనుకు సబ్‌సాయిలర్: ముందు గొయ్యి తవ్వి చూడండి, తర్వాతే ట్రాక్టరు కట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలో నాలుగెకరాల నల్లరేగడి. ఎనిమిదేళ్లుగా పత్తి, మధ్యలో ఒకటి రెండుసార్లు సోయా. దుక్కి అంటే ఏటా రోటావేటరే. ఆగస్టులో పది రోజులు వాన ఆగితే చెట్లు వాడిపోతున్నాయి, గట్టి వాన పడితే మూడు రోజులు నీళ్లు నిలుస్తున్నాయి. ఇప్పుడు పత్తి తీత అయిపోయింది, ఇంట్లో 45 హెచ్‌పీ ట్రాక్టరు ఉంది. సబ్‌సాయిలర్ (నేల అడుగున గట్టి పొరను పగలగొట్టే లోతు పనిముట్టు) కిరాయికి తెచ్చి కొట్టాలా, కొడితే ఎప్పుడు, ఎంత లోతు?

చేనులో గట్టి పొర ఉందని కళ్లతో చూశాక కొట్టండి, లేకపోతే కొట్టకండి. ఉంటే ఒంటికాలు (నేలలోకి దిగే కమ్మీ ఒక్కటే ఉన్న) సబ్‌సాయిలర్‌తో, ఆ పొర అడుగుకు రెండు ఇంచుల కింద కర్రు నడిచేలా, ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారం లోపు పని ముగించండి. 13 నుంచి 15 ఇంచుల లోతు వరకు మీ ట్రాక్టరు లాగుతుంది. నీళ్లు నిలవడం మాత్రం దీనొక్కదానితో పోదు, దాని సంగతి కింద విడిగా రాశాను.

గట్టి పొర ఉందో లేదో చూడటం

పత్తి కట్టె ఇంకా పీకలేదు కాబట్టి సాక్ష్యం చేనులోనే నిలబడి ఉంది. లాగితే వేరు తెగిపోతుంది, అందుకని పారతో చుట్టూ తవ్వి పది చెట్లు తీయండి. గట్టు పక్కవి వద్దు. చేను నడుమ నుంచి, నీళ్లు నిలిచే చోటు నుంచి, నిలవని చోటు నుంచి తీయండి. తల్లివేరు నిలువునా దిగి సన్నబడుతూ పోతే గట్టి పొర లేనట్టే. దిగుతూ దిగుతూ ఒకచోట లావెక్కి, మోచెయ్యి మడిచినట్టు పక్కకు తిరిగితే, ఆ మలుపు ఎన్ని ఇంచుల దగ్గరుందో టేపు పెట్టి కొలిచి రాసుకోండి. పదింట్లో ఏడెనిమిది ఒకే లోతులో తిరిగితే అక్కడ పొర ఉన్నట్టే. ఒకటి రెండు చెట్లకు రెండు ఇంచుల్లోనే వంకర కనబడితే అది విత్తనం పెట్టినప్పటి తేడా, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

తర్వాత రెండు ఫీట్ల పొడవు, రెండు ఫీట్ల వెడల్పు, రెండు ఫీట్ల లోతుతో గొయ్యి తవ్వండి. ఒక గోడను పారతో నున్నగా చెక్కేస్తే ఏమీ కనబడదు. చాకు మొనతో పెచ్చులు ఊడదీస్తూ పై నుంచి కిందికి రండి. పైన నాలుగైదు ఇంచులు పొడిపొడిగా రాలుతుంది, అది రోటావేటర్ తిరిగిన మట్టి. దాని కింద మట్టి పలకలు పలకలుగా, అడ్డంగా విడిపోతూ, సన్న వేళ్లు ఆ పలకల మీద చాపలా పరుచుకుని ఉంటే అదే మీరు వెతుకుతున్న పొర. అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రెండు కొలతలూ తీసుకోండి. సబ్‌సాయిలర్ లోతు మొత్తం ఈ రెండో కొలత మీదే ఆధారపడుతుంది.

ఇంకో గొయ్యి గట్టు పక్కన, ట్రాక్టరు చక్రం ఎన్నడూ ఎక్కని చోట తవ్వండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా మీకే తెలుస్తుంది. ఇనుప చువ్వ గుచ్చి చూడటం కూడా మంచి పద్ధతే, కానీ దానికి సెప్టెంబరులో మట్టి తడిగా ఉన్న రోజు కావాలి. ఎండిన రేగడి ఎక్కడ గుచ్చినా రాయిలాగే ఉంటుంది, ఇప్పుడు చువ్వ మాట నమ్మితే ప్రతి చేనుకూ సబ్‌సాయిలర్ కావాలనే తేలుతుంది.

చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఒకటిన్నర, రెండు ఫీట్ల కింద ఏటవాలుగా, నూనె రాసినట్టు మెరిసే మట్టి ముఖాలు కనబడతాయి. అది రేగడి సహజ గుణం. తడిస్తే ఉబ్బి, ఎండితే ముడుచుకునే మట్టి ఒకదానిమీద ఒకటి జారి అలా నునుపెక్కుతుంది. దాన్ని గట్టి పొర అనుకుని రెండు ఫీట్ల లోతుకు దించితే డీజిలే కాలుతుంది.

పొర ఎంత లోతులో ఉంటే ఏ పనిముట్టు

ఏటా రోటావేటరే తిరిగిన చేలల్లో పొర ఎక్కువగా 5 నుంచి 7 ఇంచుల మధ్య ఉంటుంది. బ్లేడ్లు ఒకే లోతులో తిరుగుతూ అడుగును రుద్ది రుద్ది గట్టిపరుస్తాయి. మీ గోతిలోనూ పొర ఏడెనిమిది ఇంచుల లోపే ముగిస్తే సబ్‌సాయిలర్ అవసరం లేదు. గట్టి కల్టివేటర్‌ను 9 ఇంచులకు దించి రెండు దిక్కులా తోలండి, లేదా చిజిల్ నాగలితో 10 ఇంచులకు ఒక్కసారి తోలండి, సరిపోతుంది. ఈ సంగతి తెలియక సబ్‌సాయిలర్‌కు డబ్బు పోసే రైతులే ఎక్కువ.

పల్టీ నాగలి ఏళ్లపాటు నడిచిన చేలల్లో పొర 8 నుంచి 12 ఇంచుల దగ్గర పడుతుంది, ఎందుకంటే ట్రాక్టరు ఒకవైపు చక్రం సాలు అడుగునే నడుస్తుంది. పత్తి మూటలు, సోయా బస్తాలు నింపిన ట్రాలీలు తడి చేనులో తిరిగిన దారుల్లో ఇంకా కిందికి కూడా దిగుతుంది. సబ్‌సాయిలర్ పని చేసేది ఇలాంటి చోట.

రాజురా, కోర్పనా, జివతి దిక్కు ఇంకో జాగ్రత్త. అక్కడ చాలాచోట్ల రేగడి పలుచన, కింద మొరమో సున్నపురాయో తగులుతుంది. గోతిలో ఒకటిన్నర ఫీట్ల లోపు మొరం కనబడితే కర్రు దానికి కనీసం మూడు ఇంచుల పైనే ఆగాలి. మొరాన్ని, సున్నపు గడ్డలను పైకి లాగితే మంచి మట్టి పలుచబడుతుంది, కర్రు అరుగుతుంది, బోల్టులు తెగుతాయి. నాలుగెకరాలకూ ఒక గొయ్యి చాలదు, ఎకరానికి ఒకటి తవ్వండి. పైప్‌లైన్, డ్రిప్పు సబ్‌మెయిన్, మోటారు కేబులు ఎక్కడెక్కడ పోయాయో కూడా ముందే కర్రలు పాతి గుర్తు పెట్టుకోండి.

పదను

ఎంత మంచి పనిముట్టు తెచ్చినా, ఎంత పెద్ద ట్రాక్టరు కట్టినా, పదను తప్పితే పని మొత్తం చెడుతుంది. సబ్‌సాయిలర్ మట్టిని కోయడానికి చేసింది కాదు. కర్రు కింద నుంచి ఎత్తితే పై మట్టి పగిలి, రెండు పక్కలా నెర్రెలు విచ్చుకోవాలి. మట్టి పొడిగా ఉంటేనే పగులుతుంది. తడిగా ఉంటే వెన్నలో కత్తి దిగినట్టు దిగి, పక్కలను అద్దంలా నునుపు చేసి వెళ్లిపోతుంది. అప్పుడు పాత గట్టి పొర అలాగే ఉంటుంది, నిలువునా కొత్త గోడలు రెండు తయారవుతాయి.

పరీక్ష సులువు. కర్రు నడిచే లోతు నుంచి పిడికెడు మట్టి తీసి అరచేతుల మధ్య తాడులా పేనండి. మూడు మిల్లీమీటర్ల సన్నానికి, అంటే బాల్‌పెన్ను రీఫిల్ అంత సన్నంగా, విరగకుండా వస్తే ఇంకా తడి ఉంది, ఆగండి. అంతకు ముందే ముక్కలైతే మొదలుపెట్టవచ్చు. పై మట్టితో ఈ పరీక్ష చేసి లాభం లేదు, పైన దుమ్ము లేస్తున్నా ఒక ఫీటు కింద తడి ఉండవచ్చు.

పత్తి తర్వాత ఒక సౌకర్యం ఉంది. దాని వేళ్లు కింది తడి వరకు పీల్చేసి ఉంటాయి, ఫిబ్రవరి చివరికి రేగడి లోతు వరకు ఎండుతుంది. శనగకో గోధుమకో నీళ్లు పెట్టిన చేను అయితే చివరి తడి తర్వాత మూడు నాలుగు వారాలు ఆగి, పరీక్ష చేసుకుని దిగండి. మరీ మే నెలదాకా ఆగినా కష్టమే. రేగడి రాయిలా బిగిసి బిందెలంత పెల్లలు లేస్తాయి, ట్రాక్టరు మీద బరువు విపరీతంగా పెరుగుతుంది. మధ్యలో అవకాళి (అకాల) వాన పడితే భయపడకండి, అర ఇంచు వాన పై మట్టినే తడుపుతుంది. కింది మట్టి పేని చూసి పని సాగించండి.

ఎంత లోతు, సాలుకూ సాలుకూ ఎంత ఎడం

పొర 8 ఇంచుల దగ్గర మొదలై 11 దగ్గర ముగిసిందనుకుందాం. కర్రు మొన 13 ఇంచుల దగ్గర నడవాలి. పొర నడుమ నడిస్తే కింది సగం అలాగే మిగులుతుంది, 20 ఇంచులకు దించితే వచ్చే అదనపు లాభం లేదు. పైగా ప్రతి కర్రుకూ ఒక హద్దు లోతు ఉంటుంది, సుమారుగా కర్రు వెడల్పుకు ఐదారు రెట్లు. మూడు ఇంచుల కర్రు అయితే 15 నుంచి 18 ఇంచులు. అది దాటితే మట్టి పైకి లేవడం మానేసి పక్కలకు ఒత్తుకుపోతుంది. విప్పడానికి వెళ్లి ఇంకా బిగించి వచ్చినట్టవుతుంది.

ఎడం విషయానికొస్తే, చేను మొత్తం విప్పాలంటే రెక్కలు లేని కర్రుకు లోతుకు ఒకటి నుంచి ఒకటిన్నర రెట్లు, రెక్కలున్న కర్రుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఎడం ఉండాలి. 13 ఇంచుల లోతుకు రెక్కలు లేకుండా ఒకటిన్నర ఫీటు ఎడం అన్నమాట. ఒంటికాలితో ఆ లెక్కన ఎకరాకు దాదాపు 9 కిలోమీటర్లు నడవాలి. గంటకు 3 కిలోమీటర్ల వేగంతో, మలుపులు కలుపుకుంటే నాలుగు గంటలు.

నాలుగు ఫీట్ల సాళ్లలో పత్తి పెట్టేవాళ్లకు నేను చెప్పేది వేరు: సాలు వచ్చే గీత మీదే సబ్‌సాయిలర్ నడపండి. నాలుగు ఫీట్ల ఎడంతో ఎకరాకు 3.3 కిలోమీటర్లే, మలుపులతో గంటన్నర. మీ నాలుగెకరాలు ఆరు గంటల్లో అయిపోతాయి. బరువు మీద ఈ తరహా ట్రాక్టరు గంటకు ఐదారు లీటర్లు తాగుతుంది, దాన్నిబట్టి డీజిల్ లెక్క వేసుకోండి. తర్వాత గుంటుక తోలితే గీతలు చెరిగిపోతాయి కాబట్టి రెండు గట్ల మీదా ప్రతి గీతకు ఎదురుగా కర్ర పాతండి. జూన్‌లో ఎదురెదురు కర్రలను కలిపే గీత మీదే అచ్చు (విత్తే సాలు గుర్తు) తోలుకోవాలి. సోయా, శనగ లాంటి దగ్గర సాళ్ల పంటకు ఈ పద్ధతి సరిపోదు, చేను మొత్తం కొట్టాల్సిందే.

గీతలు వాలుకు అడ్డంగా ఉండాలి. వాలు వెంబడి కొడితే మొదటి పెద్ద వానకు ప్రతి గీతా చిన్న కాలువై మట్టిని వాగులో కలుపుతుంది.

ట్రాక్టరు కట్టడం, నడపడం

45 హెచ్‌పీకి ఒక్క కాలే, రెండు కాళ్ల పనిముట్టు కట్టవద్దు. ముందు బరువు బిళ్లలు పెట్టండి, లేకపోతే కర్రు దిగగానే ముందు చక్రాలు లేచి స్టీరింగు తేలిపోతుంది. వెనక టైర్లలో నీళ్లు ముప్పావు వంతు ఉంటే పట్టు బాగుంటుంది. పనిముట్టు దిగడం లేదని దాని మీద మనిషిని ఎక్కించడం మన ఊళ్లలో మామూలైపోయింది. షియర్ బోల్టు (బరువు మించితే ముందు తానే తెగి పనిముట్టును కాపాడేది) తెగితే కాలు ఒక్కసారిగా వెనక్కి విసురుతుంది, కింద పడ్డవాడి ప్రాణం పోతుంది. ఎవర్నీ ఎక్కించకండి.

చదును నేల మీద రెండు కింది లింకులు సమాన ఎత్తులో ఉన్నాయో లేదో చూసి, పక్క గొలుసులు బిగించండి. టాప్ లింకును తిప్పుతూ, పని లోతులో ఉన్నప్పుడు కాలు నిటారుగా, కర్రు మొన కొంచెం కిందికి వంగి ఉండేలా సరిచేయండి. టాప్ లింకు మరీ పొడవైతే కర్రు ముక్కు పైకి లేచి, ఎంత నెట్టినా నేలలోకి దిగదు. మరీ పొట్టిదైతే ముక్కు పొడుచుకుని దిగుతూనే పోయి ట్రాక్టరును ఆపేస్తుంది. కర్రు మొన గుండ్రంగా అరిగిపోయి ఉంటే కిరాయి పనిముట్టును వెనక్కి పంపేయండి. అరిగిన మొన దిగదు, దిగినా ఎత్తదు.

లో గేరులో, గంటకు మూడు, మూడున్నర కిలోమీటర్లు మించకుండా నడపండి. ట్రాక్టరు కదులుతుండగా నెమ్మదిగా దించండి, నిలబెట్టి దించవద్దు. కాలు నేలలో ఉండగా మలుపు తిప్పకూడదు, వెనక్కి నడపకూడదు. కాళ్లు ఎక్కువగా ఆ రెండు తప్పుల వల్లే వంగుతాయి. షియర్ బోల్టు తెగితే అదే కొలత, అదే గ్రేడు బోల్టు వేయండి. గట్టి బోల్టు వేస్తే ఈసారి తెగేది బోల్టు కాదు, కాలో లింకో. మాటిమాటికీ తెగుతుంటే లోతు ఎక్కువైందనో కింద రాయి ఉందనో అర్థం. అలాంటి చోట ముందు 9 ఇంచులకు ఒకసారి, అదే గీతలో 13 ఇంచులకు రెండోసారి నడపండి.

చక్రం ఎంత జారుతోందో కొలిచే పద్ధతి ఇది. వెనక టైరు మీద సుద్దతో గీత పెట్టి, పనిముట్టు ఎత్తి పది చుట్లు నడిపి దూరం కొలవండి. ఈ సైజు టైరుకు సుమారు 40 మీటర్లు వస్తుంది. కర్రు దించి మళ్లీ పది చుట్లు. 34 మీటర్లు వస్తే జారుడు 15 శాతం, పర్వాలేదు. 32 కంటే తగ్గితే ఆపండి. బరువు పెంచాలి, లేదా లోతు తగ్గించాలి. జారుతున్న చక్రం కింద మట్టి అదిమిపోయి మీరు విప్పేదానికంటే కొత్తగా గట్టిపడేదే ఎక్కువవుతుంది.

మొదటి గీత కాగానే ట్రాక్టరు ఆపి దిగండి. గీతకు రెండు పక్కలా నేల రెండు ఇంచులైనా ఉబ్బి, నెర్రెలు పక్కకు పాకి కనబడాలి. ఉబ్బు లేకుండా సన్నటి చీలిక మాత్రమే ఉంటే తడి ఎక్కువైంది, లేదా హద్దు లోతు దాటారు. ఆ గీతకు అడ్డంగా తవ్వి చూడండి. విరిగిన మట్టి కింద ఇరుకుగా, పైకి వచ్చేకొద్దీ విప్పారుతూ ఉండాలి. సన్న చువ్వ గీతలోకి దించి లోతు కొలవండి. కిరాయి ట్రాక్టరుతో కొట్టించేటప్పుడు గంటకు మాట్లాడుకుంటే డ్రైవరు మెల్లగా నడుపుతాడు, ఎకరాకు మాట్లాడుకుంటే లోతు తగ్గించి ఎడం పెంచుతాడు. అందుకని ఎకరాకే మాట్లాడి, లోతూ ఎడమూ ముందే ఒప్పుకుని, ప్రతి పది గీతలకూ చువ్వ దించి చూస్తుండండి.

తర్వాత చేను మీద ఏం నడపాలి

కొత్తగా విప్పిన మట్టి పాత మట్టి కంటే తేలిగ్గా అదిమిపోతుంది. పెల్లలు లేచాయని వెంటనే రోటావేటర్ పెడితే మొత్తం ఖర్చు వృథా. రేగడి పెల్లలను వాన పగలగొడుతుంది. రెండు మూడు తొలకరి వానలు తడిపి ఆరబెడితే వాటంతటవే రాలిపోతాయి. అప్పుడు ఒక్కసారి గుంటుకో తేలిక కల్టివేటరో చాలు. ఎరువు ట్రాలీని చేనంతా తిప్పకుండా ఒకే దారి పెట్టుకోండి.

విత్తడంలో తొందర వద్దు. గీత కింద ఇంకా గుల్ల ఉంటుంది, తొలి వానకే గింజ పెడితే అది లోతుకు జారిపోతుంది, మొలక గాలి సందులో ఎండిపోతుంది. మామూలు చేనుకు 60, 70 మిల్లీమీటర్ల వాన పడ్డాక విత్తితే, కొట్టిన చేనుకు 90, 100 పడి గీత కుంగి సర్దుకునేదాకా ఆగండి.

మూడు నాలుగేళ్లకు మళ్లీ వేళ్లు చూసి అవసరమైతేనే కొట్టండి, ఏటా అక్కర్లేదు. రేగడి ఎండాకాలం నెర్రెలిచ్చి తనను తాను కొంత విప్పుకుంటుంది. మధ్యలో ఒక ఏడు పత్తి మాని కంది వేస్తే దాని తల్లివేరు చేసే పని కూడా చిన్నది కాదు.

నీళ్లు నిలవడం గురించి

ఇక్కడ వెయ్యి మిల్లీమీటర్లు దాటే వాన, రేగడిలో అది ఇంకేది చాలా మెల్లగా. గట్టి పొర ఉన్నా లేకపోయినా అంతే. చేను పళ్లెంలా ఉండి నీటికి దారి లేకపోతే, సబ్‌సాయిలర్ కొట్టాక ఆ నీళ్లు పైన నిలిచే బదులు గీతల్లో నిండి వేళ్ల దగ్గరే ఆగుతాయి, జాలు ఇంకా ఎక్కువ పడుతుంది. అందుకే ముందు పల్లపు మూల నుంచి బయటికి కాలువ తీయండి, ఆ తర్వాతే సబ్‌సాయిలర్ మాట. సోయా వేసే ఏడు విదర్భలో ఇప్పుడు బాగా వాడుతున్న బీబీఎఫ్ పద్ధతి, అంటే వెడల్పు మడి, పక్కన కాలువ, ఈ ఇబ్బందికి సబ్‌సాయిలర్ కంటే మేలు చేస్తుంది. భూమి పరీక్షలో పీహెచ్ 8.5 దాటి వస్తే సంగతి వేరు. అక్కడ మట్టే చెదిరి రంధ్రాలు మూసుకుంటుంది, జిప్సం వేయకుండా ఎన్నిసార్లు కొట్టినా ఒక్క సీజన్‌లో మళ్లీ బిగుస్తుంది.

గట్టు వెంట సంత్రా, మామిడి పెట్టే ఆలోచన ఉంటే మొక్కల వరుస మీద నిలువునా, అడ్డంగా రెండుసార్లు కొట్టించి, ఒక వానాకాలం సర్దుకున్నాక గుంతలు తీయండి. గట్టి రేగడిలో ఉత్త గుంత తీస్తే అది నీళ్ల తొట్టి అవుతుంది, మొక్క అందులోనే కుళ్లుతుంది.

సొంతంగా కొనాలనుకుంటే సాత్‌బారా (7/12 భూమి పత్రం) మీ పేరున ఉంటే మహారాష్ట్ర ప్రభుత్వ మహాడీబీటీ పోర్టల్‌లో యాంత్రీకరణ సబ్సిడీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మంజూరు కాగితం రాకముందే కొనేస్తే సబ్సిడీ రాదు. నాలుగెకరాలకు, మూడేళ్లకోసారి వాడేదానికి మాత్రం నేనైతే కొనమని చెప్పను. గొయ్యి తవ్వాక పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, మొరం ఎంత లోతులో తగిలిందో ఇక్కడే రాయండి. ఆ కొలతలను బట్టి కర్రు సైజు, లోతు చెబుతాను.